కష్టం మంజూరు చేయడమైనది

లేదు, అది కూడా కష్టం కిందికి రాదు. ఆ రోజు వాన పడింది, బస్సు రాలేదు, అంతే. పైగా గొడుగు ఉంది. గొడుగు కింద నిలబడి వేరుశనగకాయలు తిన్నట్టు కూడా గుర్తు. వేరుశనగకాయలు తింటూ పడ్డ కష్టాన్ని ఎవరు ఒప్పుకుంటారు? పోనీ అపెండిక్స్ ఆపరేషన్? ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ హాయిగా నవలలు చదువుకుంది. పక్క మంచం ఆవిడ తెచ్చిన పులిహోర రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. మరి అమ్మ పోయినప్పుడు... ఆ ఆలోచన గుమ్మం దాకా వెళ్ళి సువర్చల వెనక్కి వచ్చేసింది. అది ఇక్కడ వాడేది కాదు.

విజయవాడ ప్రధాన కార్యాలయం మూడో అంతస్తులో, 'గాథా విభాగం' అని కొత్తగా రంగు వేసిన తలుపు బయట, చెక్క బల్ల మీద కూర్చుని ఆమె తన జీవితాన్ని ఇలా తవ్వుకుంటోంది. యాభై రెండేళ్ళ జీవితం. తవ్వే కొద్దీ మంచినీళ్ళే పడుతున్నాయి. ఎక్కడా ఒక బండరాయి తగలడం లేదు.

రాష్ట్ర శీతల నిల్వల సంస్థలో ఆమె సీనియర్ ఇంజనీరు. గుంటూరు పొలిమేరల్లోని మిర్చి గిడ్డంగులన్నీ ఆమె చేతి కింద ఉన్నాయి. రైతులు ఎండు మిరపకాయల బస్తాలు తెచ్చి చల్లటి గదుల్లో పెట్టుకుంటారు, ధర వచ్చినప్పుడు తీసుకుపోతారు. పెట్టినప్పుడు ఎర్రగా ఉన్న కాయ తీసేటప్పుడూ ఎర్రగా ఉంటే ఆమె పని చేసినట్టు. అంటే ఏమీ జరగకపోతే పని జరిగినట్టు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆమె గదుల్లో ఏమీ జరగలేదు. ఆ జరగకపోవడం కోసం ఆమె ఎంత జరిపించిందో యంత్రాలకీ, కొందరు మెకానిక్కులకీ మాత్రమే తెలుసు.

సంస్థలో జనరల్ మేనేజరు, సాంకేతికం, అనే కుర్చీ రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. ఆ కుర్చీ తనకి కావాలి. ఈ మాట తనకి తాను చెప్పుకోవడానికే సువర్చలకి ఆ రెండేళ్ళూ పట్టాయి. ముందు మనసులో చెప్పుకుంది, తరువాత ఒకసారి కారులో ఒంటరిగా ఉన్నప్పుడు పైకి అని, అద్దంలో తన ముఖం చూసి సిగ్గుపడింది. ఎందుకు కావాలో మాత్రం సిగ్గుపడకుండా చెప్పగలదు. యంత్రం ఆగిపోయాక బాగుచేయించడం కాక, ఆగకముందే విప్పి చూడడం అనే పద్ధతిని ఆమె గుంటూరులో అలవాటు చేసింది. మిగతా జిల్లాల్లో అది లేదు. అక్కడ ప్రతి వేసవికీ ఏదో ఒక గది వేడెక్కుతుంది, కాయ నల్లబడుతుంది, రైతులు గేటు ముందు నేల మీద కూర్చుంటారు. ఆ కుర్చీలో ఉన్న మనిషి ఒక్క ఉత్తర్వు ఇస్తే వాళ్ళు అలా కూర్చోవలసిన పని ఉండదు.

సరిగ్గా అప్పుడే సంస్థకి స్త్రీల మీద గౌరవం కలిగింది.

మేనేజింగ్ డైరెక్టరు దక్షిణామూర్తి గారు ఏదో పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకి వెళ్ళారు. ఒక కంపెనీ అధికారిణి వేదికెక్కి తాను ఎలా పడిపోయి ఎలా లేచిందో చెప్పింది. సభ అంతా ఏడ్చింది. దక్షిణామూర్తి గారు ఒక సభలో ఆసాంతం మెలకువగా ఉండడం అదే మొదటిసారి. ఆ అనుభవం ఆయన్ని కదిలించింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది:

'మహిళా ఉన్నతాధికారుల అంతర్లీన శక్తిని సభాముఖముగా వెలికితీయు సంకల్పముతో తెలియజేయునది ఏమనగా, ఇకపై ఉన్నత పదవులు ఆశించు మహిళా అధికారులు తమ వృత్తి జీవితమును గాథా రూపమున సమర్పించవలెను. సదరు గాథ యందు పతనము, కన్నీరు, మలుపు, వెలుగు అను నాలుగు అంగములు విధిగా ఉండవలెను. పురుష అధికారుల విషయమున సీనియారిటీయే గాథగా పరిగణించబడును.'

గాథ నెగ్గని వారిని అతిథి గృహాల విభాగానికి పంపుతారని కింద ఇంకో పేరా ఉంది. అక్కడ కిటికీ తెరల రంగు నిర్ణయించాలి.

తలుపు తెరుచుకుంది. "రండి మేడం, మీ పతనం గురించి మాట్లాడుకుందాం" అన్నారు పరాశరం గారు.

గాథా విభాగానికి ఆయన డిప్యూటీ డైరెక్టరు. నిన్నమొన్నటి వరకూ పాత సామాను వేలం వేసే విభాగంలో ఉన్నారు. పనికిరాదని పారేసిన వస్తువులో విలువ చూడగలరన్న పేరు మీద ఇక్కడికి వేశారు. మనిషి మంచివాడు. ఎదుటివాళ్ళ దుఃఖం వినేటప్పుడు తలని ఒక పక్కకి వాల్చడం నేర్చుకున్నారు. వాల్చి, వేచి ఉన్నారు.

"నాకు పతనం లేదండి" అంది సువర్చల.

"అందరూ మొదట అట్లాగే అంటారు. సిగ్గు. పర్లేదు. ఒక్క గదిలో అయినా అమ్మోనియా లీకయ్యిందా?"

"లీకవకుండా చూడ్డమే నా పనండి."

"అదే సమస్య." ఆయన నిజంగా బాధపడ్డారు. "పై అధికారులు ఎవరైనా అణగదొక్కారా?"

"లేదండి. సుబ్బారాయుడు గారు చాలా బాగా చూసుకున్నారు. పని నేర్పింది ఆయనే."

"ఆయనా..." పరాశరం గారి తల మామూలు స్థానానికి వచ్చేసింది. "మరి ఇంట్లో? మీ వారు తాగుతారా?"

"మజ్జిగ."

"ఉద్యోగం మానెయ్యమని ఎప్పుడూ అనలేదా? ఒక్క రాత్రి? కోపంలో?"

సువర్చల నిజాయితీగా వెతికింది. విశ్వం ఎప్పుడో ఆవకాయలో ఉప్పు ఎక్కువైందన్నాడు. అది ఉద్యోగం గురించి కాదు.

"చూడండి మేడం" అన్నారు పరాశరం గారు, కుర్చీ ముందుకి జరుపుకుని. "మీరు పైకి రావాలంటే ముందు కింద ఉండాలి గదా. మీరేమో మొదట్నుంచీ ఒకే ఎత్తులో ఉన్నారు. దీన్ని మేము శూన్య గాథ అంటాం. శూన్య గాథకి వెలుగు ఇవ్వడం నా అధికార పరిధిలో లేదు. అయితే సంస్థ ఎవర్నీ వదిలిపెట్టదు. కష్టం లేనివారికి కష్టం మంజూరు చేసే వెసులుబాటు ఉంది. ఉపసంఘానికి సిఫార్సు చేస్తాను."

బయటికి వస్తూ ఆమె, ఎందుకో, ఆయనకి కృతజ్ఞతలు చెప్పింది. మెట్లు దిగుతుంటే ఆ సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. తరువాత నవ్వు మధ్యలో ఆగింది. ఒకే ఎత్తులో ఉండడం నేరమేమో. ఎప్పుడూ అలా అనుకోలేదు. సమంగా ఉండే చల్లదనాన్ని ఆమె జీవితమంతా మెచ్చుకుంటూ వచ్చింది. తన లోపల కూడా అటువంటిదే ఏదో ఉందనీ, అదే తననీ ఇన్నేళ్ళు చెడిపోకుండా ఉంచిందనీ ఒక నమ్మకం ఉండేది. ఇప్పుడు దాన్ని ఎవరో పట్టుకుని, ఇందులో సరుకేమీ లేదే అన్నారు.

ఆ సాయంత్రం విశ్వానికి చెప్పింది. బ్యాంకు నుంచి స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసి, మేడ మీద బెండ మొక్కలు పెంచుతున్న మనిషి. చాలాసేపు ఆలోచించాడు.

"నేనెప్పుడూ అడ్డం చెప్పలేదంటావా?"

"లేదు."

"కావాలంటే ఇప్పుడు చెప్తా. ఇంకా లేటు కాలేదు గదా." గొంతు సవరించుకున్నాడు. "ఇంక నువ్వు ఉద్యోగానికి వెళ్ళడానికి వీల్లేదు."

"సరే అంటే?"

"అమ్మో, అట్టా అనబాక. నువ్వు పొద్దస్తమానం ఇంట్లో ఉంటే నా బెండకాయలు బతకవు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు కూడా గాథలో వేసుకోవడానికి వీలు కాదు.

కష్టం పదిహేను రోజుల్లో మంజూరైంది. గుంటూరు ఆఫీసుకి వచ్చి ఆమె కుర్చీ పట్టుకుపోయారు. ఫ్యాను రెక్కలు విప్పేశారు. రోజూ పదకొండు గంటలకి ఆమెని అవమానించే బాధ్యతని అకౌంట్సు అధికారి నరసింగరావు గారికి అదనపు విధిగా అప్పగించారు. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. మొదటి రోజు తలుపు దగ్గర చెప్పులు విప్పి మరీ నిలబడ్డారు.

"మేడం, లోపలికి రావచ్చాండీ. అవమానించడానికి వచ్చాను."

"రండి. ఆ స్టూలు లాక్కుని కూర్చోండి. కుర్చీ తీసుకెళ్ళారు."

ఆయన కూర్చుని, జేబులోంచి కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకున్నారు. "'ఆడవాళ్ళకి యంత్రాల గురించి ఏం తెలుస్తుంది' అని అనమన్నారండి."

"అనండి."

"అన్నాననుకోండి. మా పెద్దమ్మాయి మెకానికల్ చదివిందండీ. నోరు రావట్లేదు."

"ఉత్తర్వు గదండీ. ఒక్కసారి అనెయ్యండి, అయిపోతుంది."

ఆయన కిటికీ వైపు తిరిగి, గోడ మీద బల్లిని చూస్తూ ఆ మాట అనేశారు. ఇటు తిరిగి, "తగిలిందాండీ?" అన్నారు.

సువర్చల కళ్ళు మూసుకుని లోపల వెతికింది. "లేదండి. మీరు బాగా మెత్తగా అన్నారు."

"రేపు కాస్త గట్టిగా ప్రయత్నిస్తాను" అన్నారు ఆయన దిగులుగా. ఎండలో వచ్చారు గనక ఆమె మజ్జిగ తెప్పించింది.

వారం గడిచాక నివేదిక వెళ్ళింది: 'అవమానము యథావిధిగా జరిగినది. అయితే అభ్యర్థిని బాధపడిన ఆనవాళ్ళు కనిపించలేదు. ప్రతిదినము మజ్జిగ ఇచ్చినది. కావున మంజూరైన కష్టము వినియోగము కానట్లుగా భావించడమైనది.' వినియోగం కాని కష్టాన్ని వెనక్కి తీసుకున్నారు. కుర్చీ తిరిగొచ్చింది. ఫ్యాను రెక్కల్లో ఒకటి మాత్రం దొరకలేదు.

ఆ తరువాత విజయవాడలో జరిగిన శిక్షణలో, భోజనాల వేళ, సంస్థలోని పెద్ద అధికారిణుల్లో ముగ్గురు ఒకే బల్ల దగ్గర కలిశారు. సరుకుల నిర్వహణ చూసే మెహరున్నీసా, పరీక్షల ప్రయోగశాలకి అధిపతి అయిన ఎస్తేరు రాణి, సువర్చల.

"ఏంది సువర్చలా, ఇంకా పడలేదంటగా నువ్వు" అంది మెహరున్నీసా, టిఫిను డబ్బా మూత తీస్తూ. "నేనైతే పడ్డా. ఒక్క రోజులో ఓకే అయింది."

"ఎట్టా పడ్డావు?"

"మెట్ల మీద నుంచి. నంద్యాల గోడౌన్లో. పతనం ఏదీ అన్నాడు పరాశరం, ఇదిగో అని మోకాలి మీద మచ్చ చూపించా. ఆయన లేచి నిలబడి దండం పెట్టాడు. భౌతికంగా నిరూపించదగిన పతనం ఇదొక్కటేనంట రాష్ట్రం మొత్తానికి. ఇప్పుడు నా గాథ పేరు 'మెట్టు మెట్టుగా'. పెద్ద పెద్ద మాటలు రాశారే. మొదట్లో సిగ్గేసింది. చదవంగా చదవంగా నాకే ఏడుపొస్తాంది."

ముగ్గురూ నవ్వారు. సువర్చల ఎస్తేరు వైపు చూసింది. ఎస్తేరు భర్త పెళ్ళయిన ఆరేళ్ళకే పోయాడు. ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, ఉద్యోగం చేస్తూ, పై చదువు చదివింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ పెద్దగా చెప్పుకోదు. అందరికీ తెలుసు.

"నీది సులువు గదా ఎస్తేరూ" అంది మెహరున్నీసా, కొంచెం గొంతు తగ్గించి.

"తిప్పి పంపారు."

"ఎందుకని?"

ఎస్తేరు పెరుగన్నం కలుపుతూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "'ఈ విడత యందు భర్త మరణము ఇదివరకే వేరొక అభ్యర్థినికి అంగీకరించబడినందున పునరుక్తి దోషము సంభవించుచున్నది. వేరొక కష్టముతో రాగలరు.'"

మెహరున్నీసా తన డబ్బాలోని కూర ఎస్తేరు అన్నం పక్కన వడ్డించింది. ముందు ఎస్తేరే నవ్వింది. "పరాశరం గారు బాగా బాధపడ్డారులే. తమ్ముడిని ఎవర్నయినా పోగొట్టుకున్నారా అని అడిగాడు. మా తమ్ముడు తెనాల్లో లక్షణంగా ఉన్నాడు, వాడి జోలికి రాకండి అన్నా."

ఆ మధ్యాహ్నం సువర్చలకి మళ్ళీ పిలుపు వచ్చింది. పరాశరం గారి కళ్ళ కింద నలుపు. ఇన్ని కష్టాల మధ్య ఆయనకి నిద్ర ఉండడం లేదు.

"ఆఖరి అవకాశం మేడం. కష్టం వద్దు. ఏదైనా ఒక జ్ఞాపకం చెప్పండి. ఈ ఉద్యోగం అనగానే మొట్టమొదట మనసులోకి వచ్చేది. నేను దాన్ని చూసుకుంటాను."

ఆమె అలసిపోయి ఉంది. లేకపోతే చెప్పేది కాదు. ఎవరికీ చెప్పని సంగతి అది. దాచాలని కాదు, చెప్పడానికి అందులో ఏమీ లేదు.

ఇరవై నాలుగేళ్ళ వయసు. మొదటి రోజు. బయట గుంటూరు ఎండ. సుబ్బారాయుడు గారు ఒక పెద్ద తలుపు లాగి, లోపలికి వెళ్ళి చూసి రా అమ్మా అన్నారు. లోపలికి అడుగుపెట్టింది. అటకల మీద అటకలుగా, కప్పు దాకా, మసక దీపంలో బస్తాలు. మిర్చి ఘాటు, కానీ నిద్రపోతున్న ఘాటు. చలి. ఆమె ఊపిరి వదిలితే పొగలా తెల్లగా బయటికొచ్చింది. దాన్ని చూసింది. మళ్ళీ వదిలింది. అంత పెద్ద గదిలో ఒక్క చప్పుడు లేదు, ఏదీ పాడవడం లేదు. తాను అక్కడ ఉండదగిన మనిషిననీ, ఆ చోటు తన కోసమే ఇన్నాళ్ళూ చల్లగా ఉందనీ అనిపించింది. కారణం లేని సంతోషం. ఐదు నిమిషాలు ఉండి బయటికొచ్చింది. అంతే.

చెప్పి ఆగింది. పరాశరం గారి తల నెమ్మదిగా పక్కకి వాలింది.

"అద్భుతం" అన్నారు. "ఒక్క సంతోషం తీసేద్దాం. మిగతాదంతా అట్లాగే ఉంచుదాం."

"అది తీసేస్తే ఏం మిగులుతుందండీ?"

"చీకటి మిగులుతుంది. చలి మిగులుతుంది. ఒంటరి ఆడపిల్ల మిగులుతుంది. తలుపు మూసుకుంది అందాం."

"తలుపు మూసుకోలేదు."

"మూసుకోగలిగిన తలుపే గదా. అది చాలు. మేడం, ఒక్కటి ఆలోచించండి. గది నిజం. మీరు నిజం. చలి నిజం. నేను అడుగుతున్నది ఒక్క తలుపు."

ఆమెకి గేటు ముందు నేల మీద కూర్చునే రైతులు గుర్తొచ్చారు. ఒక్క తలుపు. ఆమె తల ఊపింది.

గాథ పేరు 'మంచు గదిలో ఒక మగువ'. తలుపు మూసుకుంటుంది. మగువ అరుస్తుంది. ఎవరూ రారు. వణికి వణికి కింద పడుతుంది, అది పతనం. చెంప మీద కన్నీరు గడ్డకడుతుంది. అంత చలి అక్కడ ఉండదని సువర్చల అంటే, భావంలో ఉంటుందన్నారు పరాశరం గారు. అప్పుడు తలుపు తెరుచుకుని వెలుగు పడుతుంది. ఆనాటి నుంచి ఆమె చలి అంటే ప్రాణభయంతోనే, ఆ భయాన్ని గుండెల్లో అదిమిపెట్టి, రైతుల కోసం ఆ గదుల్లోకి వెళుతూ వచ్చింది.

రోజూ సాధన చేయించారు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు పూడుకుపోవాలి, ఏ మాట దగ్గర చీర కొంగు భుజాల చుట్టూ లాక్కోవాలి. ఆమె మంచి విద్యార్థిని. ఏ పని ఇచ్చినా చక్కగా చేయడం ఆమె జబ్బు. అలా చేస్తుండగా ఒక ఉదయం, పళ్ళు తోముకుంటూ, అసలు సంగతిని ఒకసారి తలుచుకుందామని లోపలికి చూసింది. తలుపు దానంతట అదే మూసుకుంది.

మళ్ళీ మొదటి నుంచి తలుచుకుంది. ఎండ, సుబ్బారాయుడు గారు, తలుపు. అడుగు లోపలికి. ఊపిరి తెల్లగా... మూసుకుంది. అద్దం ముందు నురగ నోటితో అలాగే నిలబడిపోయింది. జ్ఞాపకం అంటే లోపల ఎక్కడో భద్రంగా ఉన్న వస్తువు, తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకోవచ్చు అనుకుంది ఇన్నాళ్ళూ. కాదు. తీసిన ప్రతిసారీ దానికి చెయ్యి తగులుతుంది. అబద్ధాన్ని ఆమె నూరుసార్లు పైకి చెప్పింది. నిజాన్ని ఒక్కసారి చెప్పింది, అదీ దాన్ని అబద్ధం చెయ్యడానికి. ఏది గట్టిపడాలో మనసు తనంతట తానే నిర్ణయించుకుంది.

ఆ వారంలో గిడ్డంగికి వెళ్ళింది. రెండో గది తలుపు తీసి పట్టుకున్నారు. చలి ముఖానికి తగిలింది. ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఎవరో వెనక నుంచి భుజాలు పట్టుకున్నట్టు. అరచేతుల్లో చెమట. ఫోన్ వచ్చినట్టు నటించి వెనక్కి తిరిగింది. కారులో కూర్చుని, గుండె కొట్టుకోవడం వింటూ, పరాశరం గారి నైపుణ్యాన్ని ఒప్పుకుంది. ఉపసంఘానికి చేతకాని కష్టాన్ని ఆయన ఒక్క తలుపుతో ఇచ్చేశారు.

గాథల సభ ఘనంగా జరిగింది. వేదిక మీద నీలం దీపం, వెనక చలిగాలి చప్పుడు. సువర్చల చెప్పింది. ఆమె వణుకు చూసి ముందు వరసలో వాళ్ళు కొంగులు కప్పుకున్నారు. దక్షిణామూర్తి గారు బాహాటంగా ఏడ్చారు. పరాశరం గారు తెర పక్కన నిలబడి, మొదటిసారి పద్యం అప్పజెప్పిన పిల్ల తండ్రిలా పెదాలు కదుపుతున్నారు. వణుకు నటన కాదని సువర్చల ఒక్కదానికే తెలుసు. అంతమంది మధ్య అది ఆమెకి భలే తమాషాగా అనిపించింది. కానీ నవ్వడానికి గాథలో చోటు లేదు.

దక్షిణామూర్తి గారు మైకు అందుకున్నారు. "ఈ సంస్థ చల్లదనాన్ని నిల్వ చేస్తుందని లోకం అనుకుంటుంది. కాదు. ఈ సంస్థ కన్నీటిని నిల్వ చేస్తుందని ఈనాడు నేను తెలుసుకున్నాను." చప్పట్లు. "సువర్చలమ్మ గారిని జనరల్ మేనేజర్‌గా ప్రకటించడానికి ఆనందిస్తున్నాను. అంతే కాదు. ఇంత క్లేశం అనుభవించిన ఆడపడుచుని మళ్ళీ ఆ చలిలోకి పంపే కర్కశత్వం ఈ సంస్థకి లేదు." ఆమె భుజాల మీద దళసరి ఉన్ని శాలువా కప్పారు.

ఉత్తర్వు ఆ సాయంత్రమే చేతికొచ్చింది. 'సదరు అధికారిణి శీతల క్లేశమును మానవతా దృక్పథముతో పరిగణించి, సంస్థ యొక్క ఏ శీతల గది యందును ప్రవేశించకుండా శాశ్వత మినహాయింపు ఇవ్వడమైనది. మినహాయింపును ఉల్లంఘించి ప్రవేశించిన పక్షమున, గాథ అసత్యమని భావించి నియామకము పునఃపరిశీలించబడును.'

మెహరున్నీసా ఫోన్ చేసింది. "నాకూ పై పోస్టు ఇచ్చి, మెట్లు ఉన్న ఏ భవనంలోకీ వెళ్ళొద్దన్నారే. నా ఆఫీసు రెండో అంతస్తు. లిఫ్టు లేదు. కింద కారు షెడ్డులో బల్ల వేస్తున్నారు."

"ఎస్తేరు?"

"ఎస్తేరుకేం. వేరే కష్టం తేలేదని నామినేషనే తీసుకోలేదు. నామినేషన్ లేకపోతే నెగ్గేదీ లేదు, ఓడేదీ లేదు గదా. ఉన్న చోటే ఉంది, ల్యాబులో. నవ్వుతాంది. ఏమందో తెలుసా? నాది వాళ్ళకి అక్కర్లేకపోయింది, మంచిదయింది, ఇంకా నా దగ్గరే ఉంది, అంది."

సువర్చల ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ మాట దగ్గరే కూర్చుంది.

మర్నాడు ఉదయం, ఏప్రిల్ ఎండలో, ఉన్ని శాలువా కప్పుకుని జనరల్ మేనేజరు గుంటూరు గిడ్డంగి ముందు కారు దిగింది. శాలువా ఎందుకు తీయలేదో ఆమెకి తెలుసు. తీస్తే చలేస్తుందేమోనని భయం వేసింది, నలభై డిగ్రీల ఎండలో. హమాలీలు పని ఆపి చూశారు. రెండో గది తలుపుకి ఆమె ఫోటో అంటించి ఉంది. ఫోటో కింద, ఈమెని లోపలికి అనుమతించరాదు అని పెద్ద అక్షరాలు. తలుపు ముందు ముఠా మేస్త్రీ కోటయ్య నిలబడ్డాడు.

"నమస్కారం మేడం గారూ. పెద్ద పోస్టు వచ్చిందంటగా. మాకందరికీ సంతోషమండి."

"తలుపు తియ్యి కోటయ్యా."

"తీస్తా గానండి, తమరు గాక ఎవరు లోపలికి పోతారండి?"

"నేనే."

కోటయ్య ఫోటో వైపు చూసి, ఆమె వైపు చూశాడు. "తమరికి మాత్రం వీల్లేదన్నారండి. జి.ఎం. గారు ఒప్పుకుంటే తప్ప తియ్యొద్దన్నారు."

"జి.ఎం.ని నేనే గదా."

"అదేనండి. తమకి తమరు ఇచ్చుకోగూడదంట. నేను అడిగానండి ఫోన్ చేసి."

సువర్చలకి నవ్వు వచ్చింది. చాలా రోజులకి పూర్తిగా వచ్చింది. ఆమెతో పాటు కోటయ్య కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వాడు. హమాలీలు నవ్వారు. నవ్వు అయిపోయాక తలుపు అలాగే ఉంది.

ఆ కుర్చీ ఇప్పుడు తనది. యంత్రాలు ఆగకముందే విప్పమనే ఉత్తర్వు మీద నిన్న రాత్రే సంతకం పెట్టింది, ఈపాటికి జిల్లాలకి చేరి ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోవాలని ఎవరికీ తోచదు. తననయితే తీసుకోగలరు. ఈ గడప ఇవతల ఉన్నంతకాలం ఆమె గాథ నిజం, పదవి పదిలం, మొదటి రోజు తలుపు మూసుకుంది. గడప అవతల ఏముందో ఇక్కడ నిలబడి తెలుసుకునే మార్గం లేదు. బహుశా భయమే ఉంటుందేమో. ఐదు నిమిషాల ఆ సంతోషం ఎక్కడికీ వెళ్ళకుండా అటకల మధ్య ఉండవచ్చు కూడా. లేకపోనూ వచ్చు. మోకాళ్ళు తమ గాథని తాము చెప్పుకోవడం మొదలుపెట్టాయి.

"మేడం గారూ, పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలండీ?" అన్నాడు కోటయ్య.

"చూడలేదని చెప్పు."

"ఇంతమందిమి చూస్తన్నామండి."

"అయితే చూశామని చెప్పు."

ఆమె శాలువా తీసి అతని భుజం మీద వేసింది. పిడి పట్టుకుని తలుపు లాగింది. చలి వచ్చి ముఖానికి తగిలింది. సువర్చల లోపలికి అడుగుపెట్టి, వెనక్కి తిరిగి, తలుపుని తన చేత్తోనే మూసుకుంది.